భూదేవిని పిలిచిన చేయి

నేను ఒక బుద్ధ విగ్రహాన్ని. పద్మాసనంలో కూర్చున్న నా ఎత్తు మూడడుగులు. పుట్టింది పలనాటి సున్నపురాతి గనిలో. మనిషి రూపం వచ్చింది మాచర్ల దారిలో, బ్రహ్మలింగాచారిగారి రేకుల పందిరి కింద.

చారిగారికి డెబ్బై దాటాయి. ఉలి పట్టని రోజు ఆయనకు అన్నం సయించదు. భర్త పోయాక తండ్రి దగ్గరికే వచ్చేసిన కూతురు మంజువాణి, ఆయన చెక్కిన విగ్రహాలను సానరాయితో రుద్ది నునుపు చేసేది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు, పనికిరాని రాతిముక్కల మీద ముక్కులూ పెదవులూ వేళ్ళూ చెక్కుకునేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉండేవారు.

ఒక బౌద్ధ సంఘం వాళ్ళు వైశాఖ పౌర్ణమికి అభయముద్రలో విగ్రహం కావాలన్నారు. కుడి అరచేయి ఎత్తి 'భయపడకు' అని చెప్పే ముద్ర అది. చారిగారు నా కళ్ళు సగం మూసి చూపును లోపలికి తిప్పారు. జ్ఞానానికి గుర్తుగా నడినెత్తిన సిగలాంటి ఉబ్బు నిలబెట్టారు. ఇక మిగిలింది చేయి. అప్పటికే ఆయన చేతికి వణుకు వచ్చింది. "ఉలి నేను పడతా నాన్నా" అని కూతురంటే వినలేదు. భయం వద్దని చెప్పాల్సిన అరచేతిని చెక్కుతూ ఆయనే భయపడ్డారు. ఉలి జారింది. నా చేయి మోచేతి నుంచి ఊడి నేల మీద పడింది.

రెండు రోజులు ఆయన పందిట్లోకి రాలేదు. మూడో రోజు మంజువాణి ఆయన్ని పిలుచుకొచ్చి, నా ముందు చతికిలబడి, మోకాలి దగ్గర ఇంకా చెక్కని రాతిని జానతో కొలిచింది.

"భూస్పర్శ ముద్రకు రాయి సరిపోద్ది నాన్నా. చెయ్యి కిందికి దించుదాం."

"ఎవురు దించుతారే? నా చెయ్యి చూస్తన్నావుగా."

"ముందు మారుడి కథ చెప్పు."

ఆమె చిన్నప్పుడు వందసార్లు చెప్పిన కథే. విసుగ్గానే మొదలుపెట్టారు. "బోధిచెట్టు కింద కూర్చున్నాయన్ని, తపస్సు చెడగొట్టటానికొచ్చిన మారుడు అడిగాడు, ఈ ఆసనం నీదనటానికి సాక్షి ఎవురని. ఆయన మాట్టాడలా. కుడిచేత్తో నేలను తాకాడు. భూదేవి లేచి సాక్ష్యం చెప్పింది."

"అంతమంది దేవతలుండగా ఆయన పిలిచింది భూదేవినే గదా! ఆడదాని సాక్ష్యం ఆయనకు సరిపోయింది. ఆడదాని చెయ్యి నీకు సరిపోదా?"

చారిగారు ఉలుల మూట విప్పి, సన్న ఉలి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వేలికొనలు నేలకు ఆనాల, నొక్కగూడదు. ఆయన పిలుస్తన్నాడు, ఆజ్ఞ ఎయ్యటంలా" అన్నారు.

పంతొమ్మిది రోజులు చెక్కిందామె. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఉలి అడగలేదు.

సంఘం పెద్ద కనకారావుగారు వచ్చి చూసి ఆగిపోయారు. "మేం అడిగింది ఇది కాదుగా, చారిగారూ?"

"కాదండీ. మీరు అడిగింది నేను ఇరగ్గొట్టా. ఇది మా అమ్మాయి మంజువాణి చెక్కింది."

కనకారావుగారు వంగి, నేలను తాకిన నా వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి చూశారు. "దీన్ని తీసుకుపోలేను, మావాళ్ళు ఒప్పుకోరు. వచ్చే వైశాఖానికి అభయముద్రలో ఒకటి చేసి పెట్టండి. అమ్మాయే చెక్కాలి."

మంజువాణి గబగబా ఇంట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

నన్ను మాత్రం ఒక హోటలు యజమాని కొనుక్కుపోయి, చేతులు కడుక్కునే చోట కూర్చోబెట్టాడు. తిన్నవాళ్ళు నన్ను నవ్వే బుద్ధుడనుకుని, అదృష్టం కలిసొస్తుందని పొట్ట నిమిరేవారు. నాకు పొట్టే లేదు. పాపం, వెతుక్కునేవారు. ఆరేళ్ళకు రోడ్డు వెడల్పు చేయడంలో హోటలు పోయింది. యజమాని నన్ను తన చెల్లెలు సువర్చల పాఠాలు చెప్పే అంధ బాలికల బడికి ఇచ్చేశాడు.

మొదటి రోజే ఆమె పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. హిమజ అనే పదేళ్ళ పిల్ల నా చెవులు పట్టుకుని వదల్లేదు.

"టీచర్, చెవులు ఇంత సాగినయ్యేంది?"

"రాజకుమారుడిగా ఉన్నప్పుడు బరువైన కుండలాలు పెట్టుకునేవాడమ్మా. అన్నీ వదిలి వెళ్ళేటప్పుడు అవి కూడా తీసేశాడు. చెవులు అట్లాగే ఉండిపోయినై."

"తీసేశాక నొప్పి ఉందా?"

"లేదనే అనుకుంటా. ముఖం చూడు, తెలుస్తుంది."

ఆ చిన్న వేళ్ళు నా బుగ్గల మీదుగా దిగి, పెదవుల చివర ఆగాయి. వేలమంది చూసిపోయిన ముఖమే ఇది.

"ఒసే, ఇటు రండే! నవ్వుతున్నాడు!" అని కేక పెట్టింది.

మిగిలిన పదకొండు మందీ ఆ నవ్వు కోసం వరుస కట్టారు. ఆ రోజు లెక్కల క్లాసు జరగలేదు.