బూక్ చెట్టు గీసిన సరిహద్దు

షార్జాలో కాపురం, దుబాయ్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లే చేయగల పొరపాటు అది. చాముండేశ్వరి ఇంటర్వ్యూకు శుక్రవారం ఉదయం ఒప్పుకుంది.

2022 జనవరి. వారాంతపు సెలవులు అప్పుడే మారాయి. షార్జాలో శుక్రవారం సెలవే కానీ దుబాయ్‌లో మధ్యాహ్నం దాకా పని. ఆ ఉదయమే రష్యన్ క్లయింటుకు ఫ్లాట్ చూపించాలని, ఆఫీసులో అందరూ ముదీర్ అని పిలిచే పై అధికారి నూర్ మొహమ్మద్ ముందురోజు చెప్పాడు. ఆఫీసులో ఆ భాష ఇంకెవరికీ రాదు.

"షార్జా ఛుట్టీ షార్జాలోనే మేడమ్," అన్నాడు.

రష్యన్ లాంటి స్లావ్ భాషల తొలి చరిత్ర మీద ఆమె డాక్టరేట్ చేసింది. ఇక్కడికి వచ్చాక ఆ చదువు ఫ్లాట్లు అద్దెకివ్వడానికే పనికొచ్చింది. ఇన్నేళ్లకు యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంటి నుంచే చేసే పరిశోధన. ఇది తప్పితే మళ్లీ ఎవరూ పిలవరు.

సెలవులో ఉన్న భర్త బాలసుబ్రహ్మణ్యం తోడొచ్చాడు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని ఆ ఖాళీ ఫ్లాట్ వంటగట్టు మీద ఆమె లాప్‌టాప్ తెరిచింది.

"ఆ రష్యన్ ఆవిడ ముందే వచ్చేస్తే ఏం చేస్తారండీ?"

"సైగలున్నాయిగా. నీతో కాపురం అలాగే నెట్టుకొస్తున్నా," అన్నాడాయన తలుపు మూస్తూ.

క్లయింటు ముందే వచ్చింది. గోడ అవతల ఆయన ఏసీని మూడోసారి ఆన్ చేసి చూపిస్తున్నాడు.

తెర మీది ముగ్గురిలో పెద్ద ప్రొఫెసరు సూటిగా అడిగింది. బూక్ అనే అడవిచెట్టుకు తొలి స్లావులకు సొంత పేరు లేదు, జర్మానిక్ తెగల పేరే వాడుకున్నారు. కాబట్టి ఆ చెట్టు పెరగని చోటే వాళ్ల పుట్టిల్లని చాముండేశ్వరి సిద్ధాంతం. ఒక్క చెట్టుతో సరిహద్దు గీసేస్తారా?

సమర్థించుకోవచ్చు. జవాబు కంఠస్థమే. అయినా ఆమె దాన్ని వదిలేసింది.

"ఇక్కడ మేం పై అధికారిని ముదీర్ అంటాం, అరబ్బీ మాట. ఆ మాట చూసి, మా ఊళ్లో పై అధికారులే లేరని రేపెవరైనా రాస్తే అది తప్పే కదా. ఆ గీత నేను తొందరపడి గీశాను. నదుల పేర్లు కూడా జోడించి మళ్లీ గీస్తాను. ఈ అవకాశం అడుగుతున్నది అందుకే."

మిగతా ఇద్దరు ఏదో రాసుకున్నారు. ప్రొఫెసరు కళ్లద్దాలు తీసింది.

"ఏ నదితో మొదలుపెడతారు?"

వంటగది తలుపు తెరుచుకుంది. చూపించడానికి గదులు అయిపోయిన బాలసుబ్రహ్మణ్యం, వెనకాల క్లయింటు. చాముండేశ్వరి వాళ్ల వైపు చెయ్యెత్తి ఆగమంది.

"ప్రిప్యాత్," అని తెర మీద పటం పరిచింది. "ముందు దాని ఉపనదులు చూద్దాం."

ప్రొఫెసరు కుర్చీ ముందుకు జరుపుకుంది.