చిక్కుడు మడి మీద నీడ

వేసవిలో రైలు పట్టాల పక్క తోటలో పని వెలుగు రాకముందే మొదలయ్యేది. ఊరి చివర ఖాళీగా పడున్న నేలని మునిసిపాలిటీ వాళ్ళు ముక్కలు చేసి, కూరగాయలు పండించుకోండని ఇంటికో ముక్క ఇచ్చారు. ముక్క అంటే ఓ పెద్ద గదంత. అందరికీ కలిపి కొళాయి ఒక్కటే. దాని ముందు బకెట్లు వరసలో ఉంటే, వాటి వెనక మనుషులు ఆవులిస్తూ నిలబడేవాళ్ళు. ఎండెక్కేలోగా నీళ్ళు పెట్టాలి, టమాటాలకి పక్క కొమ్మలు గిల్లాలి, వంగ ఆకులు తిరగేసి పురుగులు ఏరాలి, దోసకాయలు లేతగా ఉండగానే కోసుకోవాలి. ఒక్క పూట అటు చూడకపోతే దోసకాయ దుడ్డుకర్రయి కూర్చుంటుంది.

ఎండ చురుక్కుమనగానే అందరూ నీడలు విప్పేవాళ్ళు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, తడిసిన మేజోడు లాగినట్టు లాగితే ఊడొస్తుంది. దాన్ని దులిపి, లేత మొక్కల మీద పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రం వచ్చి దాని మీద నిలబడితే మళ్ళీ అంటుకునేది. దీనికి రెండే కట్టుబాట్లు. నీడ తోటలో పెట్టినవాళ్ళు ఆ పూట నిచ్చెన ఎక్కకూడదు, నీడ లేని మనిషికి నేల మీద పట్టు తక్కువ. నీడని రాత్రి తోటలో వదిలేయకూడదు, వేళ్ళు దాన్ని కూడా మట్టే అనుకుంటాయి.

పెయింటరు ఆ రెండూ ఒకే రోజు తప్పాడు.

అతను గోడలకి రంగులేసే మనిషి. భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని చిరిగిన బట్టలు బాగుచేసేది. చిరుగు ఎక్కడుందో కట్టుకున్నవాళ్ళకే కనపడకుండా కుట్టేదని ఆమెకి పేరు. మూడో మనిషి అతని తల్లి. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీ, ఆ కుర్చీలో ఆవిడ. ఎండలోకి ఆవిడ రాగా చూసినవాళ్ళు వీధిలో లేరు.

ఆ ఏడు చిక్కుడు గింజలు ఆలస్యంగా పెట్టారు. మొలకలు తలెత్తేసరికి ఎండలు ముదిరాయి. కోడలి నీడ అప్పటికే టమాటాల మీద ఉంది. ఇంకో నీడ కావాలి. రోజంతా ఇంట్లో కదలకుండా కూర్చునే మనిషి అత్తగారే కాబట్టి కోడలు వంటగదిలోంచే, మొహం చూడకుండా, మీది ఓ వారం ఇస్తారా అని అడిగింది.

"మీ మట్టిలో పొర్లించడానికి కాదమ్మా నా నీడ. ఇన్నేళ్ళూ మడత నలక్కుండా దాచుకున్నా. పోయేటప్పుడు అలాగే తీసుకుపోతా."

"పోయే చోట ఎండ ఉంటుందేమిటి అత్తయ్యా?"

"ఉంటే? అప్పుడు నిన్ను అడుక్కోమంటావా?"

పెయింటరు నవ్వేశాడు. తల్లికీ పెళ్ళానికీ మాట పెరిగితే నవ్వేసి లేచిపోవడం అతని పద్ధతి. ఇవాళ కింద గోడలే, నిచ్చెన పని లేదు అని చెప్పి, తన నీడే చిక్కుడు మడి మీద పరిచి వెళ్ళాడు. పని దగ్గర గోడ పైఅంచున రంగు పడని గీత ఒక్కటి మిగిలిపోయింది. ఒక్క గీత కోసం తోట దాకా వచ్చి నీడ తొడుక్కుని వెళ్ళేదెవరు? ఎక్కాడు.

పడిన ఎత్తు పెద్దది కాదు. ఎముకలు విరగలేదు. కళ్ళు మాత్రం తెరవలేదు. ఆస్పత్రిలో అతని పక్కన కూర్చున్న రోజుల్లో భార్యకి తోట అనేది ఒకటుందన్న సంగతే మనసులో లేదు. చివరికి డాక్టరే, లోపల అంతా సవ్యంగానే ఉందమ్మా, ఎందుకు లేవట్లేదో నాకూ అంతుపట్టట్లేదు అంటూ కిటికీ తెర పక్కకి లాగాడు. ఎండ వచ్చి మంచం మీద పడింది. దుప్పటికి నీడ ఉంది, మంచం కోళ్ళకి నీడ ఉంది, అతనికి లేదు. "ఈయన నీడేదీ?" అన్నాడు డాక్టరు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

చిక్కుడు మొలకలు జానెడయ్యాయి. వేళ్ళు నీడలోంచి దిగిపోయాయి, కాడలు నీడని పొడుచుకుని పైకొచ్చాయి. ఏది నీడో ఏది నేలో తడిమినా తెలియట్లేదు. టమాటాలు ఎదిగిన మొక్కలు కాబట్టి వాటి మీదున్న ఆమె నీడ మట్టికి తగల్లేదు, తేలిగ్గానే వచ్చింది. పక్క ముక్క డ్రైవరు బాబాయ్‌ది. లారీలు నడిపి మానేసిన ముసలాయన, మొక్కల్ని కూడా షెడ్డుకొచ్చిన బండ్లలాగే చూసేవాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఓ అంచు పట్టుకుని కొంచెం లాగాడు. పాత దుప్పటి చిరిగిన చప్పుడైంది. ఇద్దరూ చేతులు వెనక్కి తీసేసుకున్నారు. ఆమె ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి నర్సు ఎదురొచ్చి, ఇందాక మీ ఆయన మూలిగాడమ్మా, ఎవరో చర్మం వలిచినట్టు మూలిగాడు అని చెప్పింది.

అతన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. అత్తగారి కుర్చీ గోడ మూలకి జరిగింది. మర్నాడు డ్రైవరు బాబాయ్ కొళాయి దగ్గర ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు.

"లాగితే రాదమ్మాయ్. తీగ దానంతటది వదలాలి. చిక్కుడు ఎప్పుడు వదులుతుంది? పనైపోయిందనుకున్నప్పుడు."

అది తోటలో అందరికీ తెలిసిందే. కాయ కోస్తున్నన్నాళ్ళూ చిక్కుడు పూస్తూనే ఉంటుంది. కోయకుండా వదిలేస్తే కాయ ముదిరి, గింజలు లోపల గలగలమంటాయి. అప్పుడు తీగ ఇక చాలనుకుని పసుపుబారుతుంది, వేరు పట్టు వదిలేస్తుంది. నీళ్ళు ఆపి చంపేద్దామంటే మట్టి ఇటుకై నీడని ఇంకా కరుచుకుంటుంది. అందుకని నీళ్ళు పెట్టాలి, పందిరి వేయాలి, పిల్లని పెంచినట్టు పెంచాలి, పెంచి కోయకుండా చూస్తూ ఉండాలి.

"అందాకా ఆయనకి ఓపిక ఉంటుందా బాబాయ్?"

బాబాయ్ వరసలో తన బకెట్టు తీసేసి ఆమె బకెట్టు ముందుకు జరిపాడు.

ఆమె కర్రలు పాతింది, తాళ్ళు కట్టింది. తీగలు ఎక్కుతుంటే కింద ఆకులు పలచబడి, సందుల్లోంచి ఎండ పెయింటరు నీడ మీద పడేది. పడినచోటల్లా నీడ వెలిసేది. అందుకని టమాటాల మీంచి తన నీడ తీసి అతని నీడ మీద పరిచింది. టమాటాలు మాడిపోయాయి. పోతే పోయాయి. పొద్దున్న నీళ్ళు పెట్టి, ఇంటికెళ్ళి అతనికి చెంచాతో గంజి పట్టి, మిషను మీద కూర్చుని, మళ్ళీ సాయంత్రం నీళ్ళకి వచ్చి తన నీడ తొడుక్కునేది. పొద్దస్తమానం నీడ లేకుండా తిరగడం వల్ల చేతులకి పట్టు పోయింది. కుట్టు వంకర వెళ్ళేది, సూది వేలిలో దిగినా తెలిసేది కాదు. ఒకరోజు సొంత వీధిలోకి వచ్చి, తన ఇల్లేదో తెలియక ఎవరో పిలిచేదాకా నడి ఎండలో నిలబడిపోయింది.

చుట్టూ అందరి ముక్కల్లో కోతలు. బుట్టలు బుట్టలు దోసకాయలు, ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటికి, ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటికి ఇచ్చుకునేవాళ్ళు. దారినపోయేవాళ్ళు ఆమె పందిరి చూసి, ఇంత కాపు కాసిందే అని ఆగి, సంగతి గుర్తొచ్చి తల దించుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంట్లో గంజి రోజురోజుకీ అతని గొంతు దిగడం తగ్గుతోంది. సగం చెంపల మీదుగా కారిపోతోంది. తుడుస్తుంటే బుగ్గ ఎముక చేతికి తగిలేది. అత్తగారు మూల కుర్చీలోంచి అంతా చూసేది. "వాడికి మరీ వేడిగా పడుతున్నావు" అనేది, "మరీ చల్లారబెట్టావు" అనేది. అడిగిన ఆ వారం నీడ మాట ఇద్దరి మధ్యా ఆ మంచంలాగే పడుండేది. దాన్ని తప్పించుకుని అటూ ఇటూ నడిచేవాళ్ళు.

కాయలు నిండుగా ముదురుతున్న రోజుల్లో జరిగింది ఆ పొరపాటు. ఆ సాయంత్రం ఆమె నీళ్ళు పెట్టి, పందిరి పక్కన నిలబడి, అతను నిన్నటి నుంచి చుక్క కూడా మింగలేదన్న ఆలోచనలో ఉంది. డ్రైవరు బాబాయ్ కేక విని కిందికి చూసుకుంటే ఒడినిండా చిక్కుడు కాయలు. ఏళ్ళ అలవాటు. మనసు ఎక్కడో ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆమె కాయల్ని చూసింది, ఖాళీ తొడిమల్ని చూసింది. ఒక కాయ తీసి తొడిమకి ఆనించి పట్టుకుంది, అంటుకుంటుందేమో అన్నట్టు. బాబాయ్ వచ్చి ఆమె చేతిలోంచి దాన్ని తీసేదాకా అలాగే పట్టుకుని ఉంది.

వారం తిరక్కుండా తీగ నిండా తెల్లటి పూలు. తోటలో ఎవరికైనా పండగలాంటి పూత. ఆమె ఒక్కో పువ్వునీ గిల్లింది. పైపూలు అందకపోతే బాబాయ్ బకెట్టు బోర్లించి ఎక్కబోయాడు. ఆయన నీడ వంగ మొక్కల మీద ఉందని గుర్తొచ్చి ఆమె గుడ్డలు పట్టుకుని కిందికి లాగింది. ఇద్దరూ పోటీపడి ఆయన నీడ తీసుకొచ్చి, ఆయన తొడుక్కున్నాక ఎక్కాడు. గిల్లిన పూలు నేలంతా పడితే, ఆమె వాటి మధ్య కూలబడి, ఆయన్ని నేనే చంపుకుంటున్నాను బాబాయ్ అంది. "మోకాళ్ళు నొప్పులమ్మాయ్, ఏడవాలంటే నేనూ కింద కూర్చోవాలి, మళ్ళీ నన్ను లేపడం నీ పని" అన్నాడు ఆయన. అన్నాడే గానీ కూర్చున్నాడు.

ఎండలు తగ్గే ముందు ఒక పొద్దున్న, గాలికి పందిరి గలగలమంది. మిగిలిన కాయలు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఆమె ఒక తీగ పట్టుకుంది. జుట్టులోంచి దువ్వెన వచ్చినంత తేలిగ్గా వేళ్ళతో సహా వచ్చేసింది. ముందు తన నీడ ఎత్తి పక్కన పెట్టింది. తర్వాత, ఊపిరి బిగబట్టి, అతని నీడ అంచు ఎత్తింది. వచ్చింది. వెలుగుకేసి పట్టుకుని చూస్తే జల్లెడ. వేళ్ళు దిగినచోటల్లా చిల్లులు, ఎండ తగిలినచోటల్లా వెలిసిన మచ్చలు, బాబాయ్ లాగినచోట చిరుగు.

అయినా ఇంటికి తెచ్చి, అతని మడమలకి ఆనించి, ఒంటి మీద పరిచింది. నిలవలేదు. పొట్టు జారినట్టు జారి నేల మీద పడింది. మళ్ళీ పరిచింది. మళ్ళీ జారింది. అతని ఊపిరి ఆగి, చాలాసేపటికి, గుర్తొచ్చినట్టు వచ్చింది.

ఆమె సూది తీసింది. నీడకి అతుకు బతికున్న నీడతోనే వేయాలి. తన నీడ చింపి వేద్దామని సూది గుచ్చితే, వేసవంతా ఎండకి వెలిసిన నీడ, ఉతికి ఉతికి చివికిన గుడ్డలా గుచ్చినచోటే విడిపోయింది. ఇంకోచోట గుచ్చింది. అక్కడా విడిపోయింది. అలా గుచ్చుతూనే ఉంది, చిల్లులు పెరుగుతుంటే.

"ఆపు" అంది అత్తగారు.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. వంగి, మడమ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఎప్పుడూ విప్పని నీడ కాబట్టి ఒక పట్టాన రాలేదు. పళ్ళ బిగువున లాగితే, బిగుసుకుపోయిన సీసా మూత వచ్చినట్టు టప్పున వచ్చింది. నల్లగా, దట్టంగా, ఒక్క ముడతైనా లేకుండా ఆవిడ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని ఒకసారి నిమిరి కోడలికి అందించింది.

"మొత్తం పడుతుంది అత్తయ్యా. ముక్క మిగలదు."

"నేనెక్కడికి వెళ్ళొచ్చాను గనక, దారి తప్పడానికి?" అంది ఆవిడ. తర్వాత, గొంతు తగ్గించి, "ఆ రోజే ఇచ్చి ఉంటే వారానికి పోయేది" అంది.

కోడలు కత్తెర అందుకుంది. అంత మంచి గుడ్డ మీద కత్తెర వేయడానికి ఆమెకి మనసు ఒప్పలేదు. వేసింది. ఒక్కో చిల్లుకీ ఒక్కో ముక్క. అత్తగారు ముందుకు వంగి చూస్తూ, "పెద్ద కుట్లు వేయకు. చిన్నప్పటి నుంచీ వాడు చింపుకునే రకం" అని చెబుతూనే ఉంది. కిటికీ ఎండ మంచం దాటి గోడ ఎక్కేవేళకి ఆఖరి ముడి పడింది. ఈసారి పరిస్తే జారలేదు. మంచం కింద నేల మీద ఒక మనిషి ఆకారం, అక్కడక్కడా మరీ నల్లగా, మెల్లగా కుదురుకుంది.

చాలాసేపు ఏమీ కాలేదు. ఆమె చెంచాతో నీళ్ళు పెదవుల మీద పోసింది. మింగాడు. ఇంకో చెంచా మింగాడు. తర్వాత కళ్ళు తెరవకుండానే, ఎండిన గొంతుతో, "చిక్కుడు మొలిచిందా?" అన్నాడు.

అత్తగారు అంది, "మొలిచింది లేరా, పడుకో."

మళ్ళీ వేసవికి అతను కర్ర సాయంతో తోటకి నడిచాడు. నిచ్చెన పని మానేశాడు. వెనకాల కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని వచ్చింది. పట్టుకోకపోతే ఆవిడకి వీధి మలుపు కూడా తెలియదు. వంటగదికని లేచి పెరట్లో తేలుతుంది, కొడుకుని తన తమ్ముడు అనుకుంటుంది. రాత్రా పగలా అని పదేపదే అడుగుతుంది. మంచంలో ఉండాల్సిన మనిషి ఆవిడ. ఇంట్లో వదిలి రావడానికి ధైర్యం చాలక తెచ్చేవాళ్ళు, తెచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టేవాళ్ళు.

పోయినేడు ఎండిన గింజలే మడిలో పెట్టారు. ఎండ చురుక్కుమనగానే పెయింటరు వంగి మడమ నొక్కి, అతుకుల నీడ విప్పి మడి మీద పరిచాడు. కొన్నాళ్ళకి మొలకలు లేచాయి. వెలిసిన జాగాల్లో ఒకటీ అరా. నల్లటి అతుకుల కింద మాత్రం మట్టి పగిలేలా, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి.

అత్తగారు వాటిని చూసింది. చాలాసేపు చూసి, బకెట్టు మీంచి లేచి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, తడబడకుండా నడిచి వెళ్ళి ఆ మడి పక్కన, నల్లటి అతుకులకి ఆనుకుని కూర్చుంది.

"అలా చూస్తారేం?" అంది ఇద్దరినీ. "నీళ్ళు పోయండి."