స్పెయిన్ చరిత్రకు బొట్టు

ఏనీ తక్కెడ మీది దుమ్ము తుడిచి, టేపు మిషన్‌ను దాని పక్కన పెట్టింది. ఈరోజు ఆయుధపూజ. వాన్ అనే ఆ పరాయిదేశపు పట్టణంలోని పాత పుస్తకాల వేర్‌హౌస్‌లో ఏటా పూజకు అన్నీ సర్దేది ఈ బాపట్ల చర్చి పిల్లే. ఓనరు కోదండరామ్‌కు అందులో వింతేమీ కనిపించదు. పని జరిగితే చాలు.

ఏనీ సన్నటి మనిషి. అట్టపెట్టెలు మోసి మోసి వేళ్లు పగిలాయి, కుడి భుజం కాస్త జారింది. విమానాల నిండా విద్యార్థులు దిగిన ఏడాది తనూ దిగి, డిప్లొమా పూర్తిచేసి ఇక్కడ చేరింది. "సార్ ఏంటమ్మా, అంకుల్ అను. నీ పీఆర్ సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడాయన మొదటిరోజే. ఆ మాట నమ్మి, చర్చి మానేసి ఆదివారాలు కూడా పనిచేసింది. తీరా పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పనికొచ్చే ఫుల్‌టైమ్ ఉద్యోగాన్ని ఆయన భార్య మేనల్లుడు భరద్వాజ్‌కు ఇచ్చాడు. ఏనీ వర్క్ పర్మిట్ ఈ వారంతో సరి. రేపే ఫ్లైట్. నమ్మించి గొంతు కోశాడు. పగ తీర్చడం దేవుడి పని అంటారు పాస్టరుగారు. దేవుడికి వాన్ దాకా రావడానికి తీరిక దొరికినట్టు లేదు.

"ఏనీ, ఆ స్పెయిన్ సెట్ కూడా పట్రామ్మా, అమ్మవారి ముందు పెడదాం. సోమవారం బయ్యర్ వస్తున్నాడు" అని కేకేశాడు కోదండరామ్.

రెండున్నర శతాబ్దాల కిందట, జ్ఞానోదయ యుగంలో ఒక చరిత్రకారుడు రాసిన స్పెయిన్ చరిత్ర అది. తొలి ముద్రణ, మూడు సంపుటాలు. ఆనాటి లేత బూడిదరంగు కాగితపు అట్టలు కూడా చెక్కుచెదరలేదు. దానికోసం కోదండరామ్ ఏళ్ల తరబడి వెతికాడు. పేజీలు సరిచూస్తూ ఏనీ ఒకచోట ఆగిపోయింది. పొలాలు దున్నించుకుని, పట్టు నేయించుకుని, ఆనక ఆ మనుషుల్నే ఓడలెక్కించి వెళ్లగొట్టిన రాజు కథ. ఆ పుట రెండుసార్లు చదివింది.

ఏటా ఖరీదైన పుస్తకాలకు ప్లాస్టిక్ తొడుగు వేసి గానీ పూజలో పెట్టదు. ఆయన అరమోడ్పు కళ్లతో మంత్రం చదువుతూ, తడి పసుపూ కుంకుమా చేతికందిన ప్రతిదానికీ అద్దేస్తాడు. ఏనీ ఉందిగా అని ఆయన ధీమా. ఈసారి కూడా మూడు తొడుగులు కత్తిరించింది. వాటిని పట్టుకుని కాసేపు నిలబడింది. తొడుగులు బల్ల మీద పెట్టేసి, పుస్తకాలు మాత్రం తీసుకెళ్లింది.

తక్కెడకు బొట్టు. టేపు మిషన్‌కు బొట్టు. స్పెయిన్ చరిత్రకు మూడు బొట్లు.

హారతి వెలుగులో ఆయన కళ్లు తెరిచి చూశాడు. "అయ్యయ్యో!" అంటూ జేబురుమాలుతో తుడిచాడు. పసుపు అట్టంతా పాకింది.

"కవర్ వెయ్యలేదేంటి ఏనీ? ఎప్పుడూ నువ్వే కదా వేసేది!"

"ఇకనుంచి భరద్వాజ్ వేస్తాడు సార్."

ఏనీకి కసి తీరింది. పాపభయం సంగతి బాపట్ల వెళ్లాక చూసుకోవచ్చు. కోటు వేసుకుని, బ్యాడ్జి తీసి కొక్కేనికి తగిలించి, బస్సు కోసం బయటికి నడిచింది.

ప్యాకింగ్ బల్ల మీద మూడు ప్లాస్టిక్ తొడుగులు, సరిగ్గా కొలతకు కత్తిరించినవి, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.