మట్టి ఎవరు తొక్కారు

అమెరికాలోని లూసియానాలో చెరకు తోటల మధ్యనున్న ఆ పాత భవంతి గుమ్మం పక్కన ఒక ఇత్తడి పలక ఉంది. "ఈ ఇంటిని అల్సిడ్ వోజాన్ స్వహస్తాలతో నిర్మించాడు" అని దానిమీద చెక్కారు. ఆ చేతులు కొరడా తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఆ వంశానికి ఇప్పటి వారసుడు ప్రోస్పర్. మట్టిగోడలు నిగనిగలాడాలని వాటికి సిమెంటు పూయించాడు. గాలాడక లోపలి కర్రలన్నీ కుళ్లిపోయాయి. అప్పుడు నేను గుర్తొచ్చాను. చెట్లకు వేలాడే నాచు కలిపి గోడమట్టి తొక్కే పని ఈ చుట్టుపక్కల మా ఇంట్లోనే మిగిలింది. మా ముత్తవ్వకు ముత్తవ్వ ఈ తోటలోనే బానిస.

"ఓడిల్ గారూ, ఇది మా తాతల చేతిపని. కాస్త జాగ్రత్త," అన్నాడు.

"మీ రక్తంలోనే ఉందన్నమాట. అయితే మీరే మొదలెట్టండి బాబూ. బూట్లు విప్పి మట్టి గుంటలో దిగండి."

తను పిలిపించిన పత్రికవాళ్లు ఫొటో తీస్తున్నారు కాబట్టి నవ్వుతూ దిగాడు. పది నిమిషాలకే మోకాళ్లదాకా కూరుకుపోయి రొప్పుతున్నాడు.

"ఇంకెంతసేపండీ?"

"ఇది మూరెడు గోడకు కూడా రాదు. ఇంట్లో నలభై గోడలున్నాయి. వాటికి మా ముత్తవ్వకు ముత్తవ్వ ఏడో నెల కడుపుతో తొక్కింది."

పైకి లాగమని చెయ్యి చాచాడు. పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాను. చంటిపిల్లాడి బుగ్గలా ఉంది.

"పలకమీద రాసిన స్వహస్తాలు ఇవేనా బాబూ?" అని అడిగి, చెయ్యి వదిలేశాను.