రెండు పాత కెమెరాలు

పెళ్ళి ఫోటోలు తీసి ఇంటికొచ్చాక ఆయన కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాడు. లెన్సులు తుడవడం, బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టడం, ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. "పాపం, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు, కాస్త కాఫీ ఇవ్వమ్మా" అంటారు అత్తగారు. ఆమె కూడా ఆ పెళ్ళిలోనే, రెండో కెమెరాతో ఆయన పక్కనే నిలబడింది. ఆ సంగతి ఎవరికి పట్టింది గనక.

పోయిన నెల ఒక పెళ్ళి మధ్యలో ఆయన కెమెరా మొరాయించింది. ఒక్క మాటైనా అనకుండా ఆమె మెడలోంచి కెమెరా తీసేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ ఫోటో కోసమే కాచుకున్న మనిషి ఉత్త చేతులతో గోడవారన నిలబడిపోయింది. ఇంటికొచ్చాక అడిగితే, "స్పేర్ ఉండేది అందుకేగా" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. ఆమెకు ఒళ్ళు మండింది. అన్నం వడ్డించింది.

ఆల్బమ్ చూసి ఆ పెళ్ళికూతురి అక్క ఆమెకే ఫోన్ చేసింది. "పెళ్ళికూతురి గదిలో మీరు తీసినవే మాకు నచ్చాయండీ. మా స్నేహితురాలి పెళ్ళికి మీరొక్కరే వస్తారా?" వస్తానంది. అడ్వాన్సూ పుచ్చుకుంది. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు మెడలోంచి లాక్కునే కెమెరాతో ఆ పెళ్ళికి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు.

మొరాయించిన కెమెరా బదులు ఇంకోటి కొందామని ఇద్దరూ సెకండ్ హ్యాండ్ కెమెరాల కొట్టుకు వెళ్ళారు. కొట్టాయన ఖరీదైనది తీసి, "ఇది మీకు సార్. మేడమ్‌కి చిన్నదేదైనా చాలు" అన్నాడు.

"ఆ చిన్నదాన్లో ఒక్క మెమరీ కార్డే పడుతుంది. కార్డు పోతే పెళ్ళంతా పోతుంది" అందామె.

"నీకెందుకే అంత? అసలైనవి నేను తీస్తాగా" అన్నాడు ఆయన.

ఆమె అడుగు అరలోని పాత మోడల్ తీయించింది. రెండు కార్డులు పడతాయి, ఇంట్లో ఉన్న లెన్సులే సరిపోతాయి. షట్టర్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఇలాంటిదే ఇంకోటి ఉందా?"

"ఉంది మేడమ్, కాస్త గీతలు పడ్డాయి."

"పడనివ్వండి. బ్యాటరీ రెంటికీ ఒకటేగా?"

"ఒకటే."

"మంచి బేరమే" అంటూ ఆయన ఒకదాని పట్టీ మెడలో వేసుకోబోయాడు. ఆమె చెయ్యి చాచి ఆ పట్టీ పట్టుకుంది.

"రెండూ నాకేనండీ, ఒకటి స్పేర్" అంది నెమ్మదిగా. "వచ్చే నెల పెళ్ళి నేనొక్కదాన్నే ఒప్పుకున్నాను."