పదో పాట

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని చిన్నక్క ఒక్క విదిలింపు విదిలించింది. అవతలి కొసలు పట్టుకున్న పెద్దక్క ముఖాన వేడి గాలి కొట్టింది.

"మొహం మీదికి కొట్టకే, పాపిష్టిదానా!"

చిన్నక్క మరోసారి విదిలించింది. ఈసారి కావాలనే.

ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఉతికే యంత్రాల పక్కనే మడతలు పెట్టే గది. ఆరిన దుప్పట్లు గుట్టలుగా వచ్చి పడతాయి. వాటిని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మడవాలి. ముందుకొచ్చి కొసలు కలపాలి, చేతిలోది అందించి వెనక్కి పోవాలి. ఉన్న ఇల్లు పంచుకుని మధ్యన గోడ కట్టించుకున్న తోడికోడళ్ళకు ఇంతకన్నా శిక్ష ఇంకేముంటుంది? అన్న పెళ్ళాం పెద్దక్క, తమ్ముడి పెళ్ళాం చిన్నక్క. గదిలో అందరూ అలాగే పిలుస్తారు. ఇంటి దగ్గర ఒకరి గడప ఒకరు తొక్కరు. ఇక్కడ మాత్రం పొద్దస్తమానం ఒకరి వేళ్ళు ఒకరికి తగులుతూనే ఉంటాయి.

చిన్నక్క మొగుడు ఇదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, ప్రాణం మీదికొచ్చి పడుకున్నప్పుడు పెద్దక్క మెట్లెక్కి చూడలేదు. ఆయన పోయాక నిలదీస్తే, "నేనొచ్చి కూచుంటే లేచి నడిచేవాడా?" అంది. ఆ మాట చిన్నక్క చచ్చినా మరిచిపోదు.

కిటికీ గట్టు మీద టేప్‌రికార్డరు పాడుతోంది. అందులోని క్యాసెట్టు పెద్దక్కది. ఎప్పుడో ఒక మాసిన దిండు గలీబులోంచి జారిపడింది. అడగడానికి ఎవరూ రాకపోయేసరికి తనదే అనేసింది. ఎవరో ఆడమనిషి, పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడింది. తోడు ఒక్క గిటారు, అంతే. బజార్లో క్యాసెట్ల కొట్టువాణ్ణి ఇలాంటిది ఇంకోటి ఉందా అని చిన్నక్క అడిగితే, "అదా? కొన్నవాళ్ళు కూడా తెచ్చి తిరిగిచ్చేశారమ్మా!" అని పళ్ళికిలించాడు. ఆ కొట్టు మెట్లు ఆమె మళ్ళీ ఎక్కలేదు.

పాటలన్నీ ఒకే మనిషి మీద. అక్కో, స్నేహితురాలో తెలియదు. ఎవతో ఒకతె ఈ పాటగత్తెకు ద్రోహం చేసింది, ఈమె తిడుతుంది. గిన్నెలు తోముకుంటూ లోలోపల తిట్టుకునే తిట్లు లేవూ, వాటికి రాగం కట్టింది. ఒక పాట నిండా అవతలిదాని నవ్వు. ఒక పాట నిండా అది పట్టుకుపోయి తిరిగివ్వని గొడుగు.

"ఇంత కమ్మగా తిట్టినదాన్ని నేను చూళ్ళేదు," అంటుంది పెద్దక్క.

"తిట్టడమా అది? ఆ గొంతులో బెంగ వినపడట్లా?"

"నీ చెవుల్లో దూదుంది."

"నీ గుండెల్లో రాయుంది."

ఇలా మొదలైతే దుప్పట్ల గుట్ట అయ్యేదాకా ఆగరు. లోకంలో ఆ పాటల గురించి ఇంతలా కొట్టుకునేవాళ్ళు వీళ్ళిద్దరు తప్ప ఇంకెవరూ ఉండరేమో.

గొడుగు పాటలో ఒకచోట పాటగత్తె మాటను కాస్త ఎక్కువసేపు పట్టి సాగదీస్తుంది. పాటను బట్టి అడుగులేసే ఈ తోడికోడళ్ళు అక్కడ ప్రతిసారీ తప్పుతారు. ఒకరు ముందుకొచ్చేస్తారు, ఒకరు ఆగిపోతారు, మడత వంకరపోతుంది. ఇవాళా పోయింది. సూపర్‌వైజరు ఆ దుప్పటిని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"మళ్ళీ అదేనా? పక్కింటావిడ సణుగుడు దీనికన్నా నయం. హాయిగా రేడియో పెట్టుకోవచ్చుగా?"

"పక్కింటావిడ మీ దగ్గరెందుకు సణుగుతోందో ముందది చెప్పండి సారూ," అంది పెద్దక్క.

"పాట వినడం చేతకానివాళ్ళు మడతలు చూసుకోవాలి," అంది చిన్నక్క అదే ఊపులో.

ఆయన గొణుక్కుంటూ పోయాడు. తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని చటుక్కున తిప్పేసుకున్నారు. ఒకే పక్షాన నిలబడినందుకు ఇద్దరికీ సిగ్గేసింది.

చిన్నక్కకు కావలసింది ఒక్కటే, పదో పాట. అది చిట్టచివరిది. అది మొదలవగానే పెద్దక్క చెయ్యి పోయి టక్కున ఆపేస్తుంది. ఇన్నేళ్ళుగా అంతే. "తప్పు నాదే అనుకో" అని ఎత్తుకుంటుంది ఆ పాట. ఆ ముక్క వింటే చాలు, పెద్దక్కకు ఒళ్ళు మండిపోతుంది. "అంతసేపు తిట్టి ఆఖర్న కాళ్ళు పట్టుకుంటుందా? సిగ్గులేనిది." ఒకసారి ఆమె మంచినీళ్ళకు పోయినప్పుడు చిన్నక్క సగం విన్నది. పాటగత్తె ఆ మనిషి ఇంటికి నడిచి పోతుంది, తలుపు కొడుతుంది. అంతలో పెద్దక్క వచ్చిపడింది. మరి తలుపు తీశారా లేదా? రాత్రి గోడ అవతల పెద్దక్క గిన్నెలు సర్దే చప్పుడు వినపడినప్పుడల్లా చిన్నక్కను అదే తొలిచేది. క్యాసెట్టు కొట్టేద్దామని కూడా చూసింది. పనయ్యేసరికి అది పెద్దక్క సంచిలో ఉంటుంది.

అన్నాలయ్యాక పెద్దక్క క్యాసెట్టు రెండో వైపు తిప్పింది. ఆమెకు ఇవాళ అడుగు సరిగ్గా పడటం లేదు. కొసలు జారవిడుస్తోంది.

"వయసు మీద పడిందేం?" అంది చిన్నక్క.

"నీ మీదా పడుతుందిలే, ఆగు."

తొమ్మిదో పాట నడుస్తుండగా పెద్దక్క చేతిలోది వదిలేసింది. "ఆయాసంగా ఉందే, కాసేపు కూచుంటా," అని కిటికీ కిందున్న మాసిన దుప్పట్ల మూట మీద చతికిలబడింది.

"ఇవాళైనా ఆ పాట ఉంచు అక్కా."

"నా క్యాసెట్టు, నా ఇష్టం."

"మా ఆయన్ని చూడ్డానికి రాలేదు సరే. ఒక్క పాట కూడా విననివ్వవా?"

పెద్దక్క జవాబు చెప్పలేదు. మాట పడి ఊరుకోవడం ఆమెకు అలవాటు లేదు. చిన్నక్కకు మరింత ఒళ్ళు మండింది. వీపు తిప్పేసుకుని దిండు గలీబులు ముందేసుకుంది. వాటికి రెండో మనిషి అక్కర్లేదు.

తొమ్మిదో పాట అయిపోయింది. "తప్పు నాదే అనుకో," అంది పాటగత్తె. టక్కుమనే చప్పుడు కోసం చిన్నక్క పళ్ళు బిగబట్టింది. చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే గుర్తొచ్చి ఆపేస్తుందేమోనని తల తిప్పలేదు.

పాటగత్తె నడిచింది, తలుపు కొట్టింది. గిటారు ఆగిపోయింది. తలుపు తీశారు. లోపలి మనిషి నోట వచ్చిన మొదటి మాట, "ఇప్పుడా రావడం, దరిద్రగొట్టుదానా? అన్నం పాచిపోయింది!" దానికి ఈమె, "నీ వంట ఎప్పుడు తినేలా ఏడ్చింది గనక?" అంది. దాని మీద అది, దీని మీద ఇది. ఆ తగువు అలా నడుస్తుండగానే పాట అయిపోయింది.

చిన్నక్క పగలబడి నవ్వింది. "అక్కా! కాళ్ళు పట్టుకోలేదే! తలుపు తీసి మళ్ళీ తిట్టుకున్నారే! ఇన్నాళ్ళూ వినకుండా ఆపేశావు కదే, మొద్దుమొహమా! అచ్చం నీకోసం రాసినట్టుంది!" అంటూ తిరిగింది.

పెద్దక్క గోడకు చేరగిలబడి ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చిన్నక్క భుజం పట్టుకుని కుదిపింది. తల పక్కకు వాలిపోయింది.

డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. "ఎంతసేపైంది?" అని అడిగాడు.

"తొమ్మిదో పాటలో కూచుంది," అంది చిన్నక్క. అంతకుమించి ఆమెకు తెలియదు. పదో పాట వినే పోయిందా? తలుపు తీసేదాకానైనా ఉందా? తను పక్కనే ఉండి, పంతానికి పోయి, వీపు తిప్పుకుని నిలబడింది. ఇప్పుడు ఎవర్ని అడగాలి?

సూపర్‌వైజరు దుప్పటి విప్పి ఒక కొస అందించబోయాడు. "మీరు వదలండి," అని లాక్కుని ఒక్కతే కప్పింది. సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి కప్పింది.

"ఇంకాస్త సేపు ఉంటే నీ సొమ్మేం పోయేదే?" అని అందరి ముందూ తిట్టింది.

పెద్దక్కను తీసుకెళ్ళాక, ఉతికేవాళ్ళు మాసిన బట్టల కోసం బండి తోసుకుంటూ వచ్చారు. అన్ని మూటలూ ఎత్తుకున్నారు. కిటికీ కిందిదాని మీద చెయ్యి వేయబోతే, "దాన్ని ముట్టుకోకండి," అంది చిన్నక్క. వాళ్ళు బండి తోసుకుపోయారు. మూట అక్కడే ఉంది, నడిమధ్యన మనిషి కూర్చున్నంత మేర గుంటపడి.