లూర్దమ్మ ఇంట్లో బోర్డు మీటింగు

ఆ ఆదివారం చర్చిలో పూజ ముగిశాక, బంగారు గనుల ఊరైన ఆండర్సన్‌పేటలోని లూర్దమ్మ ఇంట్లో ఉన్నవారు వీరు: గని కార్మికుల ఆదరణ ట్రస్టు అధ్యక్షురాలు లూర్దమ్మ, కార్యదర్శిగా ఉన్న ఆమె కొడుకు నెల్సన్, కోశాధికారిగా ఉన్న ఆమె తమ్ముడు గాడ్విన్, రిటైరైన స్కూలు మాస్టరు మునివెంకటప్ప, బేతమంగళం పక్క పల్లె నుంచి వచ్చిన రైతు ఆవులప్ప, గనిలోని రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన జేవియర్. ఈ ఆరుగురే ట్రస్టు బోర్డు. జేవియర్‌ను చేయి పట్టుకొని నడిపించుకొచ్చిన కూతురు షెరిన్ గడప బయట మెట్టుమీద కూర్చొని ఉంది.

హాలులో వేడి వడల వాసన. లూర్దమ్మ తన చేత్తోనే అందరికీ వడ్డిస్తోంది. ఇంత ఆదరణ ఉన్న ఇంట్లో చెడు ఏముంటుందని మీరు అడగవచ్చు. పాఠకులారా, ఒక మనిషి ఊపిరి తీసే పని ఆ వడలు తింటుండగానే జరిగింది.

బెంగళూరు దాత ఒకరు ట్రస్టుకు రెండు ఆక్సిజన్ మిషన్లు ఇచ్చారు. కరెంటుతో నడిచే ఆ మిషన్ ఇంట్లో ఉంటే ఊపిరాడని మనిషి ఆసుపత్రికి పరుగెత్తనక్కర లేదు. ఒకటి మారికుప్పంలోని ఒక రోగి ఇంటికి వెళ్ళింది. రెండవది ఎవరికన్నది ఆనాటి విషయం. జేవియర్‌కు ఇవ్వాలని అందరికీ తెలుసు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి గాలి కోసం వెతుక్కునేవాడు.

లూర్దమ్మ కాఫీ గ్లాసులు అందిస్తూ మెల్లగా అంది. “ఈ గని కూలీల లైన్ ఇళ్ళల్లో పెడితే ఎలకలు వైరు కొరికేస్తాయప్పా. నా ఇంట్లో పెట్టుకుంటే జాగ్రత్తగా ఉంటాది. నాకూ మెట్లెక్కితే ఆయాసంగానే ఉండాది. ఎవురికన్నా కావల్లంటే ఇస్తాంలే. అందరికీ సమ్మతమే కదా?”

నెల్సన్, గాడ్విన్ చేతులెత్తారు. మునివెంకటప్ప చేతిలో సగం తిన్న వడ ఉంది. ఆవులప్ప నోట్లో కాఫీ ఉంది. ఆమె ఇంట్లో కూర్చొని, ఆమె పెట్టింది తింటూ, ఆమె మొహం మీద కాదని ఎలా చెప్పగలరు? వాళ్ళూ చేతులెత్తారు. చివరికి జేవియర్ కూడా మొహమాటంతో చేయెత్తాడు. మెట్టుమీద నుంచి షెరిన్ ఆ చేతిని చూసింది.

వానలు మొదలైన తరువాత ఒక సాయంత్రం జేవియర్‌కు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. తండ్రిని పక్కింటివాళ్ళకు అప్పగించి షెరిన్ వానలో లూర్దమ్మ ఇంటికి పరుగెత్తింది. తలుపు సగం తెరుచుకుంది. లోపల మిషన్ కనిపించింది. దానిమీద అల్లిక గుడ్డ, గుడ్డమీద పూలకుండీ.

షెరిన్ చేతులు జోడించి అడిగింది. లూర్దమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

“తీర్మానమైన వస్తువు కదమ్మా. నేనొక్కదాన్నే ఎట్లా ఇచ్చేది? ఇంగో మీటింగు కావల్ల. మీ నాయన కూడా చేయెత్తినాడు కదా” అని తలుపు మూసింది.

ఆసుపత్రికి పోతున్న ఆటోలో, కూతురి ఒడిలోనే జేవియర్ పోయాడు.

షెరిన్ నెమ్మదైన పిల్ల. మారికుప్పం రైల్లో బెంగళూరుకు పనికి పోయి వచ్చేటప్పుడు కూడా పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడేది కాదు. సమాధి దగ్గర ఆమె ఏడవలేదు. రోజూ లూర్దమ్మ ఇంటి ముందు నుంచే స్టేషనుకు నడిచింది. ఒకరోజు రాయి చేతిలోకి తీసుకొని కిటికీ వైపు చూసింది. అద్దం పగిలితే కొత్త అద్దం వేయించుకుంటారు. రాయి పారేసి మునివెంకటప్ప మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

ఆమెను చూడగానే మాస్టరు తల దించుకున్నాడు. ట్రస్టు నియమాలు రాసింది ఆయనే. రోగుల కుటుంబాల తరఫున ఒకరు బోర్డులో ఉండాలి, వారిని ఆ కుటుంబాలే ఎన్నుకోవాలి. ఎవరికి సంబంధించిన విషయం చర్చకు వచ్చినా వారూ, వారి దగ్గరి బంధువులూ గది వదిలి వెళ్ళాలి. ఇంత స్పష్టంగా రాసిన మనిషే ఆనాడు వడ చేతిలో పెట్టుకొని ఆ మాట ఎత్తలేదు.

“నీకు న్యాయం జరగల్ల తల్లీ” అన్నాడాయన.

“న్యాయం మా నాయనతోనే పోయింది సార్. ఆ యమ్మ తలుపు బయట నిలబడల్ల. నేను చూడల్ల.”

మాస్టరు నియమాల కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. తరువాత దారి చెప్పాడు. జేవియర్ పోవడంతో ఖాళీ అయిన కుటుంబాల స్థానానికి ఆమె నిలబడాలన్నాడు. చర్చించాల్సిన విషయాన్ని ముందుగానే రాసి అందరికీ పంపాలన్నాడు. షెరిన్ లైన్ ఇళ్ళన్నీ తిరిగింది. భర్తలను దుమ్ముకు పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఆమెనే తమ మనిషిగా ఎన్నుకున్నారు. లూర్దమ్మ అభ్యంతరం చెప్పలేదు. నోరు లేని పిల్ల, చెప్పిన చోట సంతకం పెడుతుందని కొడుకుతో అని నవ్వింది. ముందుగా పంపిన కాగితాన్ని ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు. చదవాల్సిన అవసరం వాళ్ళకు ఎన్నడూ రాలేదు మరి.

మళ్ళీ ఆదివారం. అదే హాలు, అదే వాసన. షెరిన్ ముందు పెట్టిన గ్లాసును ఆమె ముట్టలేదు.

“తాగమ్మా, చల్లారిపోతాది” అన్నాడు గాడ్విన్.

“మీటింగు అయినాక తాగుతాను అంకుల్.”

ఆవులప్ప ఆమెను చూసి, నోటిదాకా తెచ్చుకున్న గ్లాసును కింద పెట్టేశాడు. మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకొని మొదటి విషయం చదివాడు: అధ్యక్షురాలి ఇంట్లో ఉన్న మిషన్, దాని గతి. నియమం కూడా చదివాడు. నెల్సన్ గోళ్ళు కొరుక్కున్నాడు. గాడ్విన్ లేస్తూ లేస్తూ ఇంకో వడ తీసుకున్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు.

లూర్దమ్మ కదలక షెరిన్ వైపు తిరిగింది. “నా ఇంట్లో నుంచి నన్నే పొమ్మంటావా?”

“ఇల్లు మీదే ఆంటీ. మీటింగు ట్రస్టుది.”

“మీ నాయనకు ఎంత చేసినాను నేను. ఇన్నేండ్లు నా కూడు తిన్నాడు.”

“అందుకే కదా చేయెత్తినాడు.”

ఆమె లేచి గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. బయట ఎండ మండుతోంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయని, లోపలే ఒక మూల కూర్చుంటానని, నోరు తెరవనని అడిగింది. ఆమె ఒకరిని బతిమాలడం ఆ ఇల్లు చూడటం అదే మొదటిసారి. షెరిన్‌కు జాలి కలగలేదు. తండ్రి నల్లబడిన పెదవులు కలగనివ్వలేదు.

“నేనొక్కదాన్నే ఎట్లా ఒప్పుకొనేది ఆంటీ? తీర్మానం కావల్ల.”

లూర్దమ్మ ముఖం పాలిపోయింది. ఆ మాట ఎవరిదో ఆమెకు గుర్తొచ్చింది.

షెరిన్ తలుపుమీద చేయి వేసింది. “ఒక మాట వినిపోండి. తన సంగతి తేల్చే గదిలో తానే కూర్చుంటే, ఎదుట ఉండేవాళ్ళు న్యాయం చూడరు, ఆ మనిషి మొగం చూస్తారు. మా నాయన మీ మొగం చూసినాడు.”

పాఠకులారా, మీ ఊళ్ళోనూ ఒక సంఘం ఉంటుంది. దాని సమావేశం ఎవరి ఇంట్లో జరుగుతోందో, ఎవరి కాఫీ తాగి చేతులెత్తుతున్నారో ఈరోజే వెళ్ళి చూడండి. ఇక్కడ మాత్రం లోపల మిగిలిన ముగ్గురూ లూర్దమ్మ మొహం చూడనక్కర లేకుండా, ఆ మిషన్ రోగి ఇంటికి పోవాలని చేతులెత్తబోతున్నారు. అంతకుముందు షెరిన్ తొందరపడకుండా, గొళ్ళెం చప్పుడు బయటికి బాగా వినిపించేలా, లూర్దమ్మ ఇంటి తలుపును లూర్దమ్మ మొహం మీదే మూసింది.